లో కార్బ్ డైట్ చేస్తూ ముడి ధాన్యాలు మళ్లీ మొదలుపెట్టడం ఎలా? తగ్గిన బరువు తిరిగి రాకుండా

"ఆరు నెలలు లో కార్బ్ తిన్నాను, తగ్గాల్సిన బరువు తగ్గాను, ఇప్పుడు గింజలు మళ్లీ తినొచ్చా? తింటే మొత్తం తిరిగొచ్చేస్తుందా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. (లో కార్బ్ అంటే పిండిపదార్థాలు, అంటే కార్బ్స్, తక్కువగా తినే డైట్. గింజలు అని నేననేది ధాన్యాలనే.) అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి ప్రయత్నించి, నాలుగు రోజుల్లో మిషన్ మీద కిలోన్నర ఎక్కువ కనిపించేసరికి భయపడి ఆపేసినవాళ్లే. మొదటిసారి నేనూ అలాగే ఆపేశాను. ఆ కిలోన్నర కొవ్వు కాదని తెలిసుంటే ఆపేదాన్ని కాదు.

తినొచ్చు. కాకపోతే పళ్లెంలోకి గింజలు వచ్చిన రోజే అందులోంచి కొంత కొవ్వు బయటికి పోవాలి. బరువు తిరిగి వచ్చినవాళ్ల తిండి వివరంగా అడిగి చూస్తే నాకు ఎక్కువసార్లు కనిపించింది ఇదే: వెన్న, చీజ్, నట్స్ అన్నీ లో కార్బ్‌లో తిన్నంతే తింటున్నారు, దాని మీద గింజలు అదనంగా కలిపారు. నింద మాత్రం గింజల మీద పడింది.

ముందుగా, ఎవరు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు. లో కార్బ్‌లో ఉన్నప్పుడు మీ డోసు తగ్గించి ఉంటారు, ఇప్పుడు కార్బ్స్ పెరిగితే ఆ డోసు సరిపోకపోవచ్చు. అలాగని మీ అంతట మీరే డోసు పెంచుకోవద్దు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కూడా అడగాలి, ఎందుకంటే పాలిష్ పట్టినవాటికన్నా ముడి ధాన్యాల్లో ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా అడిగే మొదలుపెట్టాలి. మూర్ఛ వ్యాధికి చికిత్సగా కీటో డైట్‌లో (కార్బ్స్ బాగా తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే డైట్) ఉన్నవాళ్లయితే ఈ గైడ్ అసలు మీకోసం కాదు, ఆ డైట్‌లో ఏ మార్పయినా న్యూరాలజిస్ట్ చెప్పాకే చేయాలి.

ఇంకొకటి. గోధుమలు తిన్నప్పుడు కడుపు ఇబ్బంది పెట్టేదని, మానేశాక బాగుందని అనిపించినవాళ్లు సీలియాక్ (గోధుమ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) పరీక్ష చేయించుకోవాలనుకుంటే, ఆ రక్తపరీక్ష గ్లూటెన్ తింటున్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. నెలల తరబడి మానేసి పరీక్షకు వెళ్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. పరీక్షకు ముందు ఎన్నాళ్లు, ఎంత తినాలో డాక్టర్‌నే అడగండి. ఆ జబ్బు ఉందని ఇప్పటికే తేలినవాళ్లు గోధుమ, బార్లీ, రై ముట్టుకోవద్దు, ఓట్స్ అయితే గ్లూటెన్ కలవలేదని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉన్నవే కొనాలి.

కావలసినవి

గ్రాముల్లో చూపించే కిచెన్ స్కేల్. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు, కప్పు కొలతలతో ఈ పని కాదు.
బరువు చూసుకునే మిషన్. ఎప్పుడూ అదే మిషన్, నేల మీద అదే చోట.
నడుము కొలిచే టేపు.
ఒక నోటుబుక్ లేదా ఫోన్‌లో ఏదైనా నోట్స్.
గ్లూకోమీటర్. షుగర్ లేనివాళ్లకు తప్పనిసరి కాదు, ఉంటే మంచిది.
ఒకే ఒక్క రకం ముడి ధాన్యం. అవును, మొదట్లో ఒక్కటే.

ముడి ధాన్యం అంటే పైన తవుడు, లోపల మొలక వచ్చే భాగం, మధ్యలో పిండి, మూడూ ఉన్న గింజ. బ్రౌన్ రైస్, ఓట్స్, జొన్న, రాగి, కొర్ర, పొట్టుతో ఉన్న గోధుమ, క్వినోవా, పైపొర ఎక్కువగా తీయని బార్లీ ఇందులోకి వస్తాయి. "మల్టీగ్రెయిన్" అని రాసి ఉన్నంత మాత్రాన అది ముడి ధాన్యం అయిపోదు, రకరకాల గింజలు కలిపారని మాత్రమే దాని అర్థం, అవన్నీ పాలిష్ పట్టినవే కావచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు ఏమిటో చూడండి. తర్వాత కార్బ్స్, ఫైబర్ అంకెలు చూడండి. ప్రతి 10 గ్రాముల కార్బ్స్‌కి కనీసం 1 గ్రాము ఫైబర్ ఉంటే పర్వాలేదు. బ్రెడ్డు, ప్యాకెట్ తృణధాన్యాల విషయంలో ఈ ఒక్క లెక్కతోనే చాలావాటిని పక్కన పెట్టేయొచ్చు.

1. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాసుకోండి

ఇది దాటేసి నేరుగా తిండి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది, దాటొద్దు. ఉదయం లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు బరువు చూసి రాయండి. వారం చివర ఏడు అంకెలూ కలిపి ఏడుతో భాగించండి. ఇకమీదట మీకు ముఖ్యమైన అంకె ఆ సగటే, ఏ ఒక్క రోజు బరువూ కాదు. నడుము చుట్టుకొలత వారానికోసారి, బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి.

ఆ రెండు వారాలూ రోజుకు కార్బ్స్ ఎన్ని తింటున్నారో, కొవ్వు ఎంత తింటున్నారో కూడా రాయండి. వంటలో వాడే నూనెను బరువు తూచి రాయాలి, అంచనాగా రాస్తే కుదరదు. కొవ్వు అంకె దేనికంటే, మూడో మెట్టులో తీసేయాల్సింది అందులోంచే.

బరువు ఇంకా తగ్గుతూ ఉంటే, అంటే మీరింకా అనుకున్న బరువుకు చేరకపోతే, ఆగండి. సగటు రెండు వారాలు నిలకడగా ఉన్నాక మొదలుపెడితేనే గింజల వల్ల ఏం జరిగిందో తేలిగ్గా తెలుస్తుంది.

2. ఒక్క గింజ ఎంచుకుని 15 గ్రాముల కార్బ్స్‌తో మొదలుపెట్టండి

15 గ్రాముల కార్బ్స్ అంటే సుమారుగా:

ఉడికిన బ్రౌన్ రైస్ 60 గ్రాములు
ఉడికిన కొర్రలు లాంటి చిరుధాన్యాలు 65 గ్రాములు
ఉడికిన క్వినోవా 70 గ్రాములు
ఉడికిన బార్లీ 55 గ్రాములు
ఉడికించని ఓట్స్ 22 నుంచి 25 గ్రాములు
జొన్న, రాగి లేదా ముడి గోధుమ పిండి 20 గ్రాములు

చూడటానికి చాలా తక్కువగా ఉంటుంది. ఉండాలి కూడా. మొదటి వారం రోజు విడిచి రోజు, ఒక్క పూట మాత్రమే తినండి. రెండో వారం రోజూ ఒక పూట.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: పచ్చి బరువు, ఉడికిన బరువు కలిపేసుకోవడం. బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్లు బరువు పెరుగుతుంది. పైన ఉడికిన 60 గ్రాములు అని రాసింది చూసి పచ్చి బియ్యం 60 గ్రాములు వండుకుంటే మీరు తినేది 45 గ్రాముల కార్బ్స్. "తక్కువే తిన్నాను, అయినా పెరిగింది" అనేవాళ్లను వివరంగా అడిగితే సగంమంది దగ్గర ఈ లెక్కే తప్పి ఉంటుంది.

పిండి కన్నా గింజగా ఉడికించుకుని తినడం మేలు. గింజ ఎంత మెత్తగా నలిగితే అందులో పిండి అంత త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది, అందుకే అదే ధాన్యం గింజగా తిన్నప్పుడు ఒకలా, పల్చటి జావలా తాగినప్పుడు ఒకలా ఉంటుంది. ఓట్స్‌లో కూడా ఇన్‌స్టంట్ రకం కాకుండా మందంగా ఉన్న అటుకుల్లాంటివో, ముక్కలుగా కోసినవో తీసుకోండి. గింజ నమలలేనివాళ్లు, పెద్ద వయసువాళ్లు పిండితోనే మొదలుపెట్టొచ్చు, అప్పుడు జావగా కాకుండా రొట్టెగా చేసుకుని ప్రొటీన్‌తో కలిపి తినాలి.

3. అదే పూట కొవ్వు తగ్గించండి

ఈ గైడ్‌లో ఏదైనా ఒక్క మెట్టు గట్టిగా పాటించాలంటే ఇదే.

ఉడికిన బ్రౌన్ రైస్ 60 గ్రాముల్లో సుమారు 70 కేలరీలుంటాయి. దానికి బదులుగా తీసేయాల్సిన కొవ్వు 8 గ్రాములు. కార్బ్స్ గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు గ్రాముకు 9 కాబట్టి తీసేసేది చూడటానికి కొంచెంగానే ఉంటుంది. ఈ కిందివాటిలో ఏదో ఒకటి తీస్తే సరిపోతుంది:

దాదాపు రెండు టీస్పూన్ల నూనె
10 గ్రాముల వెన్న
పది బాదం గింజలు
17, 18 గ్రాముల చీజ్

తర్వాత మీరు 30 గ్రాముల కార్బ్స్‌కి పెరిగినప్పుడు ఇది రెట్టింపు అవుతుంది. అప్పుడు తీయకపోతే ఏమవుతుందో లెక్క చూడండి: రోజుకు 140 కేలరీలు అదనం, నెలకు 4,200. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు కాబట్టి కాగితం మీద లెక్కకు నెలకు అరకిలో పైనే. శరీరం కొంత సర్దుకుంటుంది కాబట్టి నిజంగా అంత రాకపోవచ్చు, కానీ దిశ మాత్రం అదే. గింజలు మానేయకుండానే దీన్ని ఆపొచ్చు, నూనె సీసా దగ్గర జాగ్రత్త పడితే చాలు.

ప్రొటీన్ తగ్గించొద్దు. గింజలు వచ్చాయి కదా అని గుడ్డో చేపో పప్పో తగ్గించేవాళ్లున్నారు, దాంతో రెండు గంటల్లో ఆకలేసి ఏదో ఒకటి తినేస్తారు. కూరగాయలు కూడా తగ్గించొద్దు. పోవాల్సింది కొవ్వు మాత్రమే, అది కూడా పూర్తిగా కాదు.

లో కార్బ్‌లోనే మీరు కొవ్వు మరీ తక్కువగా తింటూ ఉంటే, తీయడానికి ఏమీ లేకపోతే? అప్పుడు మీ కార్బ్స్‌లోనే వేరేది తీసి గింజలు పెట్టండి, ఉదాహరణకు తీపి కలిపిన పెరుగు, లో కార్బ్ పేరుతో అమ్మే బార్లు.

4. నాలుగో రోజు మిషన్ చూసి భయపడకండి

శరీరం కార్బ్స్‌ని గ్లైకోజెన్‌గా కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిలవ ఉంటుంది. మీరు లో కార్బ్ మొదలుపెట్టిన మొదటి వారంలో చకచకా తగ్గిన ఆ కిలో, రెండు కిలోలు ఎక్కువగా ఈ నీరే. ఇప్పుడు అదే వెనక్కి వస్తోంది. కార్బ్స్ రోజుకు 50 గ్రాములలోపు తిన్నవాళ్లకు, అంటే కీటోలో ఉన్నవాళ్లకు కిలో నుంచి రెండు కిలోల దాకా రావచ్చు. రోజుకు 100 గ్రాముల చుట్టూ తింటున్నవాళ్లకు ఇంకా తక్కువ, కొందరికి అసలు కనిపించదు.

నీరా, కొవ్వా అని తెలుసుకోవడం ఇలా: నీరైతే కొద్ది రోజుల్లో ఒక్కసారిగా పెరిగి అక్కడ ఆగిపోతుంది, నడుము కొలత పెద్దగా మారదు. కొవ్వైతే నెమ్మదిగా, వారం వారం పెరుగుతూనే ఉంటుంది, నడుము కూడా దానితో పాటు పెరుగుతుంది. అందుకే మొదటి రెండు వారాల బరువు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. మూడో వారం సగటునే మీ కొత్త మొదలుగా రాసుకుని, ఇకమీదట దానితోనే పోల్చండి. నెలసరి వచ్చే ఆడవాళ్లు ఈ వారాన్ని గత నెల అదే వారంతో పోల్చుకోవాలి, లేదంటే ఆ రోజుల్లో చేరే నీటిని కూడా గింజల ఖాతాలో వేస్తారు.

కీటోలో ఉన్నవాళ్లకు ఒక మాట: నీరసం రాకుండా ఉప్పు అదనంగా తీసుకుంటూ ఉంటారు కదా, గింజలు మొదలుపెట్టినప్పుడు ఆ అదనపు ఉప్పు ఆపేయండి. కార్బ్స్ పెరిగితే కిడ్నీలు ఉప్పును ఎక్కువగా పట్టి ఉంచుతాయి. పాత అలవాటు కొనసాగిస్తే కాళ్లు, వేళ్లు ఉబ్బుతాయి, బీపీ ఉన్నవాళ్లకు బీపీ పెరగొచ్చు. బీపీ మాత్ర డోసు తగ్గించుకుని ఉంటే ఈ వారాల్లో బీపీ చూసుకుంటూ ఉండండి.

5. తినే వరుస మార్చండి

ముందు కూరగాయలు, తర్వాత ప్రొటీన్, చివర్లో గింజలు. ఒకే భోజనాన్ని ఈ వరుసలో తింటే తిన్నాక షుగర్ తక్కువగా పెరుగుతుంది. తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా మంచిది. గింజలు ఒక్కటే ఖాళీ కడుపుతో తినడం ఈ మొదటి నెలల్లో వద్దు.

6. షుగర్ చూసుకునేవాళ్లు మొదటి మూడు రోజుల అంకెలు పక్కన పెట్టండి

చాలాకాలం కార్బ్స్ తక్కువ తిన్నవాళ్లకు శరీరం గ్లూకోజ్‌ని వాడే పని కొంత మందగిస్తుంది. అందుకే మొదటిసారి తిన్నప్పుడు షుగర్ అనుకున్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు. గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్షకు (గ్లూకోజ్ నీళ్లు తాగించి షుగర్ ఎంత పెరుగుతుందో చూసే పరీక్ష) ముందు మూడు రోజుల పాటు రోజుకు కనీసం 150 గ్రాముల కార్బ్స్ తినమని చెప్పేది కూడా ఇందుకే. మీరు తినేది తక్కువే కాబట్టి సర్దుకోవడానికి ఇంకాస్త సమయం పట్టవచ్చు. అన్నట్టు, లో కార్బ్‌లో ఉండగా ఆ పరీక్ష రాస్తే మీ డైట్ గురించి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

గింజలు రోజూ తినడం మొదలైన వారం, అంటే రెండో వారం చివర్లో ఇలా చూడండి: తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి. షుగర్ వ్యాధి లేనివాళ్లకు రెండు గంటలకు డెసిలీటరుకు 140 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకు సాధారణంగా పెట్టే లక్ష్యం 180 లోపు, మీ డాక్టర్ వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. ఒకే గింజను ఒకే పరిమాణంలో కనీసం రెండు మూడు సార్లు తిని చూశాకే "ఇది నాకు పడదు" అనుకోండి, సరిగ్గా నిద్రపోని రోజో బాగా టెన్షన్ పడ్డ రోజో కూడా అంకె పెరుగుతుంది. అయితే షుగర్ మందులు వాడేవాళ్లకు అంకె మరీ ఎక్కువగా కనిపిస్తే మూడు రోజులు ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

7. రెండు వారాలకోసారి మాత్రమే పెంచండి

మూడో వారం నుంచి 30 గ్రాములు. ఒకే పూట తినొచ్చు, రెండు పూటలుగా పంచుకోవచ్చు. ఐదో వారానికి అంతా బాగుంటే 45. ప్రతిసారీ మూడో మెట్టు మళ్లీ చేయాలి, అంటే కొవ్వు ఇంకో 8 గ్రాములు తగ్గాలి. రోజు మొత్తం కార్బ్స్ 130 గ్రాములు దాటనంతవరకు మీరు తినేది చాలామంది లెక్కలో ఇంకా లో కార్బే. కీటోసిస్ (కార్బ్స్ బాగా తగ్గినప్పుడు శరీరం ఎక్కువగా కొవ్వు మీద నడిచే స్థితి) నుంచి మాత్రం బయటికి వచ్చేస్తారు, అది మామూలే, అందులో ఓడిపోయిందేమీ లేదు.

పెంచే ముందు చూడాల్సినవి: మూడో వారం నుంచి సగటు నిలకడగా ఉందా, నడుము అంతే ఉందా, భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి పెరగలేదు కదా, కడుపు బాగుందా. ఒక్కటి తేడాగా ఉన్నా పెంచకుండా ఇంకో రెండు వారాలు అక్కడే ఉండండి. అందరూ 45కి చేరాలని లేదు. 30 దగ్గర హాయిగా ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోవచ్చు.

8. కడుపును గమనించండి

ఫైబర్ ఒక్కసారిగా పెరిగితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి, నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకం కూడా. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మెత్తబడేదాకా ఉడికించండి. వారం గడిచినా ఇబ్బంది తగ్గకపోతే పరిమాణం సగం చేయండి, అప్పుడూ తగ్గకపోతే గింజ మార్చండి. గోధుమ పడనివాళ్లకు బ్రౌన్ రైస్, క్వినోవా తేలిగ్గా ఉండటం నేను ఎక్కువగా చూశాను.

ఒకేసారి వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఉడికిన గింజలు చల్లారితే పిండిలో కొంత భాగం తేలిగ్గా అరగని రకంగా మారుతుంది, దానివల్ల కలిగే లాభం కొంచెమే, దాన్ని నమ్ముకుని ఎక్కువ తినొద్దు. కానీ వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేయకండి. అందులో పెరిగే బాక్టీరియా తయారుచేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో తినేయండి.

తరచుగా చేసే తప్పులు

గింజలతో పాటు అదే వారం పండ్లు, బ్రెడ్డు, స్వీట్లు అన్నీ తెచ్చుకోవడం. బరువు పెరిగితే దేనివల్లో చెప్పలేరు, చివరికి అన్నీ మానేస్తారు.

గ్రనోలా, మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, ఓట్స్ కుకీలు గింజలే కదా అనుకోవడం. వాటిలో చక్కెర, నూనె కలిసి ఉంటాయి. ఈ రెండు నెలలూ మీరు ఉడికించుకున్న గింజ తప్ప ప్యాకెట్ చించి తినేది ఏదీ గింజ లెక్కలోకి రాదు.

వారమంతా తూచి తిని, సెలవు రోజు తూచడం మానేయడం. రెండు రోజుల్లో అదనంగా తిన్నది మిగతా ఐదు రోజుల లెక్కనూ చెరిపేయగలదు.

మూడు వారాలకు తూకం ఆపేయడం. కంటి అంచనా కుదిరిందనిపిస్తుంది, కానీ గరిటె నెమ్మదిగా పెద్దదవుతుంది. కనీసం ఎనిమిది వారాలు తూచండి, ఆ తర్వాత నెలకో వారం తూచి సరిచూసుకోండి.

బరువు నిజంగానే పెరుగుతుంటే

మూడో వారం సగటుతో పోలిస్తే వరుసగా రెండు మూడు వారాలు పెరుగుతూ ఉండి, నడుము కూడా పెరిగితే అప్పుడు అది కొవ్వు అనుకోవాలి. అప్పుడు కూడా గింజల్ని ఒక్కసారిగా మానేయొద్దు. ముందు మూడు రోజులు నూనె, నట్స్, చీజ్ మళ్లీ తూచి రాయండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే గింజ పచ్చిగా తూచారా, ఉడికాక తూచారా చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే 15 గ్రాములు వెనక్కి తగ్గి రెండు వారాలు ఆగండి. సగటు ఆగిపోతే ప్రస్తుతానికి మీ హద్దు అదే. మూడు నెలల తర్వాత, ముఖ్యంగా బరువులెత్తే వ్యాయామం ఏదైనా మొదలుపెట్టి ఉంటే, మళ్లీ 15 గ్రాములు పెంచి చూడొచ్చు.

తిన్న ప్రతిసారీ భయం వేస్తుంటే, 60 గ్రాముల అన్నం తిన్నందుకు మర్నాడు పస్తు ఉండాలనిపిస్తుంటే, ఈ తూకాలన్నీ పక్కన పెట్టి ముందు ఒక డాక్టర్‌తోనో సైకాలజిస్ట్‌తోనో మాట్లాడండి. అలాంటి పరిస్థితిలో ఈ అంకెలు మీకు మేలు చేయవు.